జీతం లెక్కలో చట్టం ఎక్కడెక్కడ మారుతోంది?

2025 నవంబరు 21, శుక్రవారం నాడు కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. వచ్చే నెల ఒకటి నుంచి అనో, కొత్త ఆర్థిక సంవత్సరం నుంచి అనో గడువేమీ లేదు, ఆ రోజు నుంచే అమలు. 29 పాత చట్టాలు వాటిలో కలిసిపోయాయి. నిజానికి వేతనాల కోడ్‌కు 2019లోనే, మిగతా మూడింటికి 2020లోనే పార్లమెంటు ఆమోదం దొరికింది. ఇన్నేళ్లూ ఇదిగో వస్తున్నాయి, అదిగో వస్తున్నాయి అని వినీ వినీ చాలామంది పట్టించుకోవడం మానేశారు. తీరా వచ్చాక జీతాల షీటు వేసే ప్రతి అకౌంటెంటుకూ ఒకటే టెన్షన్: నవంబరు జీతం ఏ చట్టం ప్రకారం వెయ్యాలి? ఇరవయ్యో తేదీ దాకా ఒక లెక్క, మిగిలిన పది రోజులకు ఇంకో లెక్కా?

ఇది అడగాల్సిన ప్రశ్నే. చాలామంది అడగరు కూడా. పీఎఫ్ ఎంత శాతం, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఎంత శాతం, వృత్తి పన్ను ఎంత అని రేట్ల వెంట పడతారు. కానీ కాస్త వెనక్కి తిరిగి చూస్తే రేట్లు అంత తరచుగా మారవు. పీఎఫ్‌లో ఉద్యోగి 12 శాతం, యజమాని 12 శాతం అన్నది ఏళ్ల తరబడి అలాగే ఉంది. పీఎఫ్ తప్పనిసరిగా కట్టాల్సిన వేతన పరిమితి 6,500 నుంచి 15,000కి పెరిగింది 2014 సెప్టెంబరు 1న. ఈఎస్ఐ రేట్లు తగ్గింది 2019 జులై 1న: యజమాని వాటా 4.75 నుంచి 3.25 శాతానికి, ఉద్యోగి వాటా 1.75 నుంచి 0.75 శాతానికి. ఈఎస్ఐ పరిమితి 21,000 అయింది 2017 జనవరి 1న. ఇవి బట్టీ పట్టడం పెద్ద పని కాదు.

తప్పులు దొర్లేది ఇంకో చోట. ఆ శాతం ఏ మొత్తం మీద వెయ్యాలి, ఏ తేదీ నుంచి వెయ్యాలి అన్న రెండు చోట్ల. నేను చూసిన నోటీసుల్లో, ఉద్యోగులు తెచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి దగ్గరే తేలతాయి. అందుకే ఈ వ్యాసంలో రేట్ల పట్టిక ఇవ్వడం లేదు. ఆ రెండు చిక్కుముళ్లనే విప్పే ప్రయత్నం చేస్తాను.

ఎవరు మారుస్తారు

జీతం ఒకటే, దాని మీద అధికారం మాత్రం చాలామందిది. ఆదాయపు పన్ను పార్లమెంటు చేతిలో ఉంటుంది, బడ్జెట్‌తో మారుతుంది, ఎక్కువగా ఏప్రిల్ 1 నుంచి వర్తిస్తుంది. పీఎఫ్, ఈఎస్ఐ కేంద్రానివి. వాటి మార్పులు గెజిట్ నోటిఫికేషన్లుగా, సర్క్యులర్లుగా ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. కార్మిక వ్యవహారాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి కాబట్టి రాష్ట్రాలు కూడా నిబంధనలు రాస్తాయి. కనీస వేతనాలు, దుకాణాల చట్టం, వృత్తి పన్ను, కార్మిక సంక్షేమ నిధి రాష్ట్రం జీవోల మీద నడుస్తాయి. వీటన్నిటి మీద కోర్టులు. కోర్టు తీర్పుతో వచ్చే చిక్కేమిటంటే, అది చాలాసార్లు కొత్త తేదీ నుంచి మొదలవదు. చట్టం అర్థం మొదటి నుంచీ ఇదే అని చెబుతుంది. అంటే వెనకటి బకాయి కూడా మెడకు చుట్టుకోవచ్చు.

2019 ఫిబ్రవరిలో వివేకానంద విద్యామందిర్ కేసులో సుప్రీంకోర్టు చేసింది ఇదే. ఉద్యోగులందరికీ ఒకే తీరున, ప్రతి నెలా ఇచ్చే స్పెషల్ అలవెన్సును బేసిక్ నుంచి విడదీసి చూపించి పీఎఫ్ తగ్గించుకోవడం కుదరదని తేల్చింది. ఎక్కువ పని చేసినందుకో, ఉత్పత్తి పెరిగినందుకో ముడిపడని అలవెన్సు పీఎఫ్ లెక్కలోకి రావాల్సిందే అంది. ఆ తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా, బేసిక్ మూడో వంతు పెట్టి మిగతాదంతా అలవెన్సుల్లో సర్దే పే స్లిప్పులు మన జీడిమెట్లలోనూ ఉన్నాయి, విజయవాడ ఆటోనగర్‌లోనూ ఉన్నాయి. కాబట్టి కొత్త కోడ్‌లు భారం పెంచాయి అనే యజమాని ముందు తన పాత లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి.

సగం నియమం

కోడ్‌లలో పేరోల్‌కు అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు వేతనం నిర్వచనం. ఇంతకుముందు పీఎఫ్‌కు ఒక నిర్వచనం, ఈఎస్ఐకి ఒకటి, గ్రాట్యుటీకి (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తానికి) ఒకటి, బోనస్‌కు ఇంకొకటి. ఇప్పుడు నాలుగు కోడ్‌లలోనూ మూలం ఒకటే. బేసిక్, డీఏ, రిటైనింగ్ అలవెన్సు (పని లేని రోజుల్లో మనిషిని నిలుపుకోవడానికి ఇచ్చేది) కచ్చితంగా వేతనంలో ఉంటాయి. ఇంటద్దె అలవెన్సు, రవాణా అలవెన్సు, యజమాని కట్టే పీఎఫ్ వాటా, ఓవర్‌టైమ్, కమీషన్, చట్టబద్ధమైన బోనస్ లాంటివి మినహాయింపుల జాబితాలో ఉన్నాయి. అయితే ఆ మినహాయింపులన్నీ కలిపి మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటినంత మేర మళ్లీ వేతనంలో కలుస్తుంది. గ్రాట్యుటీ, రిట్రెంచ్‌మెంట్ పరిహారం (ఉద్యోగంలోంచి తీసేసినప్పుడు ఇచ్చేది) మాత్రం ఈ సగం లెక్కలోకి రావు.

దీన్ని చాలామంది ‘బేసిక్ సగం ఉండి తీరాలి’ అని చెబుతున్నారు. చట్టం అలా అనలేదు. జీతం ఎలా విడగొట్టుకోవాలో అది చెప్పదు. మీరెలా విడగొట్టినా లెక్కలోకి ఏది తీసుకోవాలో మాత్రమే చెబుతుంది. ఈ తేడా అర్థం కాక కొన్ని సంస్థలు అవసరం లేకపోయినా జీతాల నిర్మాణం మొత్తం తిరగరాశాయి.

ఒక పే స్లిప్ తీసుకుందాం. నెలకు 30,000. బేసిక్ 10,000, ఇంటద్దె 8,000, రవాణా 4,000, స్పెషల్ అలవెన్సు 8,000. మినహాయింపుల జాబితా తెరిచి ఒక్కో పద్దు పక్కన టిక్కు పెట్టండి. ఇంటద్దె ఉంది. రవాణా ఉంది. స్పెషల్ అలవెన్సు? ఆ జాబితాలో లేదు. జాబితాలో లేనిది వేతనమే. అంటే బేసిక్ 10,000కు స్పెషల్ 8,000 కలిపి వేతనం 18,000. మినహాయింపులు 12,000. అది 30,000లో 40 శాతం, సగం దాటలేదు. కాబట్టి కలపాల్సింది ఇంకేమీ లేదు. వేతనం 18,000 దగ్గర ఆగుతుంది.

అదే 30,000ను మరోలా విడగొడితే? బేసిక్ 9,000, ఇంటద్దె 12,000, రవాణా 5,000, ఉద్యోగం పని మీద అయ్యే ప్రత్యేక ఖర్చుల కింద 4,000. ఇక్కడ మినహాయింపులు 21,000. సగం అంటే 15,000. దాటిన 6,000 బేసిక్ 9,000కు కలిపితే వేతనం 15,000. ఎంత నేర్పుగా విడగొట్టినా సగం కన్నా కిందికి దిగదు. లెక్క తేలిగ్గా ఉండాలని యజమాని పీఎఫ్ వాటాను ఇక్కడ పక్కన పెట్టాను. మీ షీటులో దాన్ని కూడా మినహాయింపుల్లోనూ, మొత్తంలోనూ చేర్చి చూడండి.

ఇప్పుడు మొదటి పే స్లిప్ మీద ప్రభావం చూద్దాం. ఈ సంస్థ ఇన్నాళ్లూ బేసిక్ 10,000 మీదే పీఎఫ్ కడుతోంది అనుకుంటే ఉద్యోగి నుంచి కోసేది 1,200. వేతనం 18,000 అయ్యాక, 15,000 పరిమితి మీద కట్టినా 1,800 అవుతుంది. ఉద్యోగి చేతికొచ్చే జీతం 600 తగ్గుతుంది, యజమాని మీద ఇంకో 600 పడుతుంది. ఇప్పటికే 15,000 మీద కడుతున్న సంస్థలో మాత్రం టేక్‌హోమ్ మారదు. కేంద్ర కార్మిక శాఖ 2025 డిసెంబరులో వివరణ ఇచ్చిందీ ఇదే. ‘కొత్త కోడ్‌ల వల్ల అందరి జీతమూ తగ్గుతుంది’ అని వాట్సాప్‌లో తిరిగిన మాట అలాంటివాళ్లకు వర్తించనే వర్తించదు.

గ్రాట్యుటీలో తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే దానికి 15,000 లాంటి నెలవారీ పరిమితి లేదు. ఏడాదికి 15 రోజుల వేతనం, నెలను 26 రోజులుగా లెక్కేసి. పదేళ్లు పని చేసిన మనిషికి బేసిక్ 10,000 మీద 57,692 వచ్చేది. 18,000 మీద 1,03,846 వస్తుంది. పదేళ్ల సర్వీసు మొత్తానికీ చివరి వేతనమే ప్రాతిపదిక కాబట్టి, ఒక్క రోజులో మారిన నిర్వచనం పదేళ్ల బాకీని పెంచేసింది. పెద్ద ఐటీ కంపెనీల 2025 అక్టోబరు-డిసెంబరు త్రైమాసిక ఫలితాల్లో కనిపించింది ఇదే. కొత్త కోడ్‌ల ప్రభావం కింద టీసీఎస్ 2,128 కోట్లు, ఇన్ఫోసిస్ 1,289 కోట్లు పక్కన పెట్టాయి. హైదరాబాద్‌లో ఇరవై ముప్పై మందితో నడిచే సంస్థ కూడా తన స్థాయిలో ఇదే లెక్క వేసుకోవాలి. చాలామంది వెయ్యలేదు. ఎవరైనా మానేసి వెళ్లేదాకా ఆ బాకీ కనపడదు కాబట్టి.

గ్రాట్యుటీలో ఇంకో మార్పు కూడా ఉంది. నిర్ణీత కాలానికి కాంట్రాక్టు మీద తీసుకున్న ఉద్యోగికి ఐదేళ్లు నిండాల్సిన పని లేదు, ఏడాది చాలు. ఇది పర్మనెంటు ఉద్యోగులకు కూడా ఏడాదే అన్నట్టు ప్రచారమైంది. వాళ్లకు ఐదేళ్ల నియమం అలాగే ఉంది.

ఈఎస్ఐ దగ్గర తేదీల తకరారు

అదే 30,000 పే స్లిప్ ఇంకో ప్రశ్న లేవదీస్తుంది. పాత లెక్కలో ఈ ఉద్యోగి జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐలో లేడు. కోడ్ నిర్వచనం ప్రకారం వేతనం 18,000 అయితే? పరిమితి లోపలికి వస్తాడు. ఉద్యోగి నుంచి నెలకు 135, యజమాని నుంచి 585. బేసిక్ తక్కువ ఉంటే పీఎఫ్ కలిసొస్తుందనుకున్న యజమానికి, అదే కారణంగా కొత్త మనుషులు ఈఎస్ఐలోకి వచ్చి చేరతారు. మీ సంస్థలో 21,000కు పైన, సుమారు 40,000 లోపు జీతం ఉన్నవాళ్ల జాబితా ఒకటి తీసి ఒక్కొక్కరి వేతనం కోడ్ ప్రకారం లెక్కగట్టి చూడండి. ఈ పని వాయిదా వెయ్యొద్దని గట్టిగా చెబుతాను. కట్టాల్సిన నెలలో కట్టకపోతే, తర్వాత ఉద్యోగి వాటాను అతని జీతంలోంచి వెనక్కి కోసుకోవడం కుదరదు. రెండు వాటాలూ యజమాని నెత్తినే పడతాయి.

ఈఎస్ఐలో అన్నిటికన్నా ఎక్కువసార్లు జరిగే తప్పు మరొకటి. జీతం పరిమితి దాటిన నెల నుంచే కోత ఆపేయడం. ఈఎస్ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా చూస్తుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. మధ్యలో జీతం పెరిగి 21,000 దాటినా ఆ కాలం ముగిసేదాకా, పెరిగిన జీతం మీదే, చందా కట్టాలి. మే నెలలో ఇంక్రిమెంటు వచ్చిన ఒక సూపర్‌వైజర్‌ని తీసుకోండి. ఆఫీసులో కోత మే నుంచే ఆపేశారు. అతనికి ఏప్రిల్‌లోని 30 రోజుల చందా మాత్రమే పడింది. ఆ కాలానికి ప్రతిఫలం అందేది మరుసటి జనవరి నుంచి జూన్ వరకు. ఫిబ్రవరిలో అతనికి కాలు విరిగి నెలన్నర మంచం పట్టాడనుకోండి. 70 శాతం వేతనం చొప్పున రావాల్సిన అనారోగ్య భృతికి కనీసం 78 రోజుల చందా ఉండాలి. కంప్యూటర్‌లో 30 కనిపిస్తుంది. యజమాని కట్టాల్సింది కట్టలేదని తేల్చి రాబట్టే మార్గం చట్టంలో ఉంది. కానీ మంచంలో ఉన్న మనిషి ఇల్లు ఆ నెలన్నర ఎలా గడవాలి? ఎవరో ఒకరు తేదీ సరిగ్గా చూడకపోవడం వల్ల జరిగే నష్టం ఇలా ఉంటుంది. పేరోల్ అంటే కాగితాల పని అనుకునేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంటాను.

ఆదాయపు పన్నులో రెండు చట్టాల సంధికాలం

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్, ప్రీవియస్ ఇయర్ అన్న జంట పోయి పన్ను సంవత్సరం అనే ఒకే మాట మిగిలింది. జీతం మీద టీడీఎస్ (యజమాని ముందే కోసి కట్టే పన్ను) పాత చట్టంలో సెక్షన్ 192. కొత్తదానిలో 392. సెక్షన్ల నంబర్లు మారినంత మాత్రాన పన్ను మారలేదు, శ్లాబులు అవే. కానీ 2025-26 ఆర్థిక సంవత్సరం పని పాత చట్టం కిందే పూర్తవ్వాలి: మే 31 లోపు నాలుగో త్రైమాసికం రిటర్ను, జూన్ 15 లోపు ఉద్యోగులకు ఫారం 16 (కోసిన పన్ను సర్టిఫికెట్). అంటే 2026 ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకే టేబుల్ మీద ఒక చేత్తో పాత చట్టం ఫైళ్లు, ఇంకో చేత్తో కొత్త చట్టం కోతలు. పాత సాఫ్ట్‌వేర్‌ను ఏప్రిల్ 1న తీసేసినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు.

టీడీఎస్‌లో ఉద్యోగులకు, యజమానులకు ఇద్దరికీ గొడవ తెచ్చే అంశం ఒకటుంది. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షల దాకా పన్ను సున్నా. జీతగాడికి 12,75,000 దాకా ఏమీ లేదన్నమాట. సరిగ్గా అంతే జీతం ఉన్న ఉద్యోగికి పది నెలలు ఒక్క రూపాయి కోయలేదు. ఫిబ్రవరిలో లక్ష బోనస్ ఇచ్చారు. పన్ను వేసే ఆదాయం 13 లక్షలైంది. ఇప్పుడు ఆ 12 లక్షల దాకా ఉన్న రిబేటు (పన్ను మాఫీ) పోయి, నాలుగు లక్షల పైనుంచి లెక్క మొదలవుతుంది: 20,000, ఆపైన 40,000, చివరి లక్ష మీద 15,000. మొత్తం 75,000, సెస్సుతో 78,000. లక్ష బోనస్ తీసుకున్న మనిషి చేతికి 22,000. అతను హెచ్‌ఆర్ దగ్గరికి వచ్చి తప్పు కోశారని వాదిస్తాడు. లెక్క తప్పు లేదు. బోనస్ వస్తుందని ఏప్రిల్‌లోనే అంచనాలో చేర్చి ఉంటే, అదే 78,000 నెలకు 6,500 చొప్పున పోయేది, ఎవరికీ దెబ్బ తగిలేది కాదు. ఏడాది మొత్తం ఆదాయం ముందే అంచనా వేసి సమంగా కోయమని చట్టం చెప్పేది ఇందుకే. మధ్యలో ఎక్కువ తక్కువలు సర్దుబాటు చేసుకునే వీలు కూడా ఇస్తుంది.

కంపెనీ మారి వచ్చినవాళ్ల పాత జీతం వివరాలు అడక్కపోవడం కూడా ఇలాంటిదే. రెండు కంపెనీలూ ఎవరికి వారు రిబేటు ఇచ్చేస్తారు, జులైలో రిటర్ను వేసేటప్పుడు ఉద్యోగి గుండె గుభేలుమంటుంది. ఏ పన్ను విధానం కావాలో ఉద్యోగి చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుందన్న సంగతి కూడా కొత్తవాళ్లకు చేరిన రోజే చెప్పాలి.

రాష్ట్రం దాటితే

వృత్తి పన్ను చిన్నది, ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగంలోని 276వ అధికరణమే పరిమితి పెట్టింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. ఇక్కడే ఉన్నంతకాలం దీని గురించి ఆలోచించే పని లేదు. కానీ హైదరాబాద్ కంపెనీ బెంగళూరులో ఒక మనిషిని పెట్టుకున్న రోజే అక్కడి చట్టం తలుపు తడుతుంది. కర్ణాటకలో 25,000 లోపు వాళ్లకు వృత్తి పన్ను లేదు. ఆపైన నెలకు 200, 2025 ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి నెలకు మాత్రం 300. చెన్నైలో మనిషి ఉంటే నెలనెలా కాదు, ఆరు నెలలకోసారి స్థానిక సంస్థకు కట్టాలి. జీతం హైదరాబాద్ బ్యాంకు నుంచి వెళుతోందన్నది లెక్కలోకి రాదు, మనిషి పని చేసే చోటే ముఖ్యం. ఇంటి నుంచి పని పెరిగాక ఈ తప్పు బాగా పెరిగింది.

కనీస వేతనాల్లో కరువు భత్యం మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా రెండుసార్లు, ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. ధరల సూచీని బట్టి వచ్చే మార్పు కాబట్టి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. అయినా ఆర్డరు ఆలస్యంగా వెలువడితే చాలామంది ఆర్డరు తేదీ నుంచి ఇస్తారు. అమలు తేదీ వెనక్కి ఉంటే తేడా మొత్తం అరియర్సుగా ఇవ్వాల్సిందే. వేతనాల కోడ్‌తో కనీస వేతనం షెడ్యూలులో ఉన్న రంగాలకే పరిమితం కాదు, ఉద్యోగులందరికీ వర్తిస్తుంది.

ఇక కార్మిక సంక్షేమ నిధి. తెలంగాణలో ఏడాదికి ఉద్యోగి 2 రూపాయలు, యజమాని 5 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 30, 70. జనవరి 31 లోపు కట్టాలి. మొత్తం చిన్నదే, తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం దీని రసీదు తప్పకుండా అడుగుతారు.

జీవోలను హెడ్డింగు చూసి అర్థం చేసుకోవడం ఎంత ప్రమాదమో 2025 జులైలో చూశాం. తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవడానికి వీలిచ్చింది. టీవీలో స్క్రోలింగు ‘ఇక పది గంటల పని’ అని నడిచింది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉందని, అది దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని లోపల ఉంది. ఆరు రోజులూ పదేసి గంటలు రాయించుకుని మామూలు జీతం ఇస్తే అది ఉల్లంఘనే.

మానేసినవారికి రెండు రోజులు

ఉద్యోగి రాజీనామా చేసినా, తీసేసినా, అతని జీతం బకాయి రెండు పని దినాల్లో ఇచ్చెయ్యాలని వేతనాల కోడ్ అంటోంది. మన దగ్గర ఫుల్ అండ్ ఫైనల్ అంటే నెల పదిహేను రోజులు తిప్పించుకోవడం ఆనవాయితీ. ల్యాప్‌టాప్ ఇచ్చాడా, ఐడీ కార్డు ఇచ్చాడా, మేనేజరు సంతకం అయిందా అని ఒక్కో టేబుల్ దగ్గర ఫైలు నిద్రపోతుంది. ఈ మార్పు నాకు వ్యక్తిగతంగా బాగా నచ్చింది. ఉద్యోగం పోయిన మనిషికి డబ్బు అవసరం అప్పుడే ఎక్కువ. దీనికోసం సంస్థలు తమ పద్ధతి తిప్పి రాసుకోవాలి: క్లియరెన్సు ఆఖరి రోజున కాదు, నోటీసు పీరియడ్‌లోనే మొదలవ్వాలి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువు విడిగా ఉంది.

పేర్ల దగ్గర ఆగిపోయే చలానా

అన్ని చట్టాలూ సరిగ్గా చదివినా చలానా ఆగిపోయే చోటు ఒకటుంది, అది మన తెలుగువాళ్లకే ఎక్కువ. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. పాన్‌లో అదే ఇంటిపేరు చివర ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో పొడి అక్షరం ఒక్కటే. బ్యాంకులో పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు. యూఏఎన్‌కు (ఉద్యోగి పీఎఫ్ నంబరుకు) ఆధార్ ముడిపడితే తప్ప ఆ ఉద్యోగి పేరు మీద ఈసీఆర్ (నెలవారీ పీఎఫ్ రిటర్ను) ముందుకు కదలదు. పదిహేనో తేదీ గడువు, పద్నాలుగో తేదీ రాత్రి ఒక పేరు సరిపోలక ఫైలు తిరిగొస్తుంది. అందుకే పేర్లు సరిచూసే పని ఉద్యోగి చేరిన వారంలోనే అయిపోవాలి. గడువు దాటితే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు బకాయి మీద నెలకు 1 శాతం చొప్పున నష్టపరిహారం. 2024 జూన్‌కు ముందు ఈ నష్టపరిహారం ఆలస్యాన్ని బట్టి ఏడాదికి 5 నుంచి 25 శాతం దాకా ఉండేది. ఇది మాత్రం రేటు మారిన సందర్భమే, అదీ తగ్గింది. ఉద్యోగి జీతంలోంచి కోసి కట్టకుండా ఉంచుకోవడం మాత్రం ఇప్పటికీ నమ్మకద్రోహం కింద నేరమే.

సకాలంలో ఈసీఆర్ వేసేవారికి లాభం కూడా ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జులై 31 మధ్య కల్పించిన కొత్త ఉద్యోగాలకు కేంద్ర ప్రోత్సాహక పథకం కింద మొదటిసారి ఉద్యోగంలో చేరినవారికి 15,000 దాకా, యజమానికి ఒక్కో కొత్త ఉద్యోగికి నెలకు 3,000 దాకా వస్తుంది. దానికి ఆధారం పీఎఫ్ రికార్డే.

ఎలా వెంటబడాలి

చిన్న సంస్థకు లాయరును పెట్టుకునే స్తోమత ఉండదు, ఆడిటరు ఏడాదికి రెండుసార్లు కనిపిస్తాడు. నా సలహా ఒక్క ఎక్సెల్ షీటు. ప్రతి మార్పుకూ ఒక వరస. ఎవరు జారీ చేశారు, జారీ తేదీ, అమలు తేదీ, మన దగ్గర ఎవరెవరికి వర్తిస్తుంది, ఏ మొత్తం మీద లెక్క, మూలపత్రం ఎక్కడుంది. జారీ తేదీ, అమలు తేదీ వేర్వేరు గళ్లలో ఉండాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. మూలపత్రం గడి ఖాళీగా ఉంటే ఆ వరస ప్రకారం జీతంలో ఏ మార్పూ చెయ్యకండి. పీఎఫ్ పరిమితి 25,000 చేశారని, ఈఎస్ఐ పరిమితి 30,000 చేశారని వచ్చే ఫార్వర్డులకు ఈ ఒక్క గడి అడ్డుకట్ట వేస్తుంది. ముసాయిదా నిబంధనలకు ఇంకో రంగు వెయ్యండి. ముసాయిదా అంటే అభిప్రాయాలు అడగడం, అది చట్టం కాదు. కోడ్‌ల కింద తుది నిబంధనలు వచ్చేదాకా, కొత్త చట్టానికి విరుద్ధం కాని పాత నిబంధనలు నడుస్తూనే ఉంటాయి.

నవంబరు 21 లాంటి నెల మధ్య తేదీ వచ్చినప్పుడు ఏం చేశారో, ఎందుకు చేశారో ఆ షీటులోనే రెండు వాక్యాలు రాసిపెట్టుకోండి. రెండేళ్ల తర్వాత ఇన్‌స్పెక్టరు అడిగేసరికి అప్పటి అకౌంటెంటు ఉండకపోవచ్చు.

ఉద్యోగులు కూడా దీన్ని యజమాని పని అని వదిలెయ్యక్కర్లేదు. ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ప్రతి నెలా రెండు వాటాలు పడ్డాయో లేదో, ఏ వేతనం మీద పడ్డాయో కనిపిస్తుంది. పే స్లిప్పులో కోసిన మొత్తం, పాస్‌బుక్‌లో పడిన మొత్తం పక్కపక్కన పెట్టుకోండి. ఈఎస్ఐ కోత హఠాత్తుగా ఆగిపోతే ఏ నెల నుంచి ఆగిందో చూసి, అది ఏప్రిల్ గానీ అక్టోబరు గానీ కాకపోతే ఎందుకని ఆఫీసులో ఆ వారమే అడగండి.